బొమ్మలో రింగు, గోతిలో గీత

హైవే ట్రాఫిక్ నిర్వహణ వ్యవస్థకు డిజైను పత్రం రాసేటప్పుడు అందులో ఒక బొమ్మ తప్పనిసరి. నీలంరంగు గుండ్రటి గీత, దాని మీద పూసల్లా గుచ్చిన, రోడ్డు పక్క కెమెరాలనూ బోర్డులనూ కేబుల్‌కు కలిపే స్విచ్‌లు, నెత్తిన కిరీటంలా కంట్రోల్ రూమ్, కింద లావాటి అక్షరాలతో "రిడండెంట్ రింగ్", అంటే ఒక చోట తెగినా రెండో వైపు నుంచి కబురు అందే వలయం. ముచ్చటైన బొమ్మ. చిక్కల్లా ఏమిటంటే హైవే గుండ్రంగా ఉండదు. ఒక కొసన మొదలై ఇంకో కొసన తేలే గీత అది. గీత మీద గుండ్రాన్ని ఎలా పడుకోబెట్టారయ్యా అని అడిగే మర్యాద తెలియని మనుషుల్ని ఆ సమావేశాలకు పిలవరు.

పిలవకపోయినా చెబుతాను. ఒకే 24 కోర్ల ఫైబర్ కేబుల్, కోరంటే వెలుగు మోసే గాజు పోగు. అందులో 1, 2 కోర్లు వెళ్లే దారి. 3, 4 కోర్లు తిరిగొచ్చే దారి. నీలం, నారింజ పోగులు ముందుకు పోతాయి, ఆకుపచ్చ, గోధుమ పోగులు వెనక్కి వస్తాయి. నాలుగూ ఒకే ట్యూబులో ఒరుసుకుంటూ పడుంటాయి. బేసి నంబరు స్విచ్‌లను వెళ్లే దారిలో, సరి నంబరువి వచ్చే దారిలో కలుపుతారు. న్యాయంగా ఒప్పుకోవాలి, ఏ క్యాబినెట్‌లోనైనా కరెంటు పోయినా, ఎండకు స్విచ్ ఉడికి చచ్చినా మిగతావి బతుకుతాయి. చావు స్విచ్‌కొస్తే ఇది రింగే. కేబుల్‌కొస్తే మాత్రం దుప్పటి మడతపెట్టి రెండు దుప్పట్లున్నాయని చెప్పుకోవడమే.

బొమ్మ కింది మూలన, ధర్మరాజు "కుంజరః" అన్నంత మెల్లగా, "నాట్ టు స్కేల్" అని రాసి ఉంటుంది. కాబట్టి ఎవరూ అబద్ధమాడలేదు.

ఇక ఆమోద పరీక్ష. కళ్లారా చూడాల్సిన వేడుక అది. కంట్రోల్ రూమ్‌లో పెద్దలంతా కొలువుదీరతారు. తెర మీద పింగ్, అంటే ఉన్నావా అని అవతలి పరికరాన్ని అడిగి జవాబు చూసుకునే పలకరింపు, నడుస్తుంటుంది. ఇంజినీరు వాకీటాకీలో "రెడీనా?" అంటాడు. రోడ్డు పక్క క్యాబినెట్ దగ్గర నుంచి "రెడీ సార్" అని జవాబు. ఆ కుర్రాడు నిద్రపోతున్న పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసినంత సుతారంగా ఒక ప్యాచ్ కార్డు, అదే పోర్టుకు గుచ్చే పొట్టి ఫైబర్ తీగ, లాగుతాడు. ఒక్క పోర్టు, ఒక్క కార్డు. పింగ్ తప్పదు, తప్పినా ఒక్కటి. మామూలు రోజుల్లో లూపు పడకుండా, అంటే కబుర్లు గుండ్రంగా తిరుగుతూనే ఉండిపోకుండా, మూసి ఉంచే లింకును రింగుకు కాపలా కాసే జీ.8032 ప్రోటోకాల్ 50 మిల్లీసెకన్లలో తెరిచేసింది. చప్పట్లు, టిక్కు, సంతకం, ఫొటో. ఆ ప్రోటోకాల్‌ను నేనేమీ అనను, ఆ గదిలో మాట మీద నిలబడేది అదొక్కటే. ఒక చోట తెగితే రెండో వైపు నుంచి తిప్పి పంపుతానంది, పంపింది. నేల కింద రెండో వైపనేది ఉందా లేదా అని చూడటం దాని పని కాదు. అది ఎవరి పనో వాళ్లు ఆ సమయానికి ఫొటోలో ఉన్నారు.

అసలు పరీక్షాధికారి ఆర్నెల్ల తర్వాత వస్తాడు. పసుపు ఒళ్లు, ఒంటి చెయ్యి, ఇనుప పళ్లు. కల్వర్టు వెడల్పు చేసే పని మీద వచ్చిన జేసీబీ. కేబుల్ పైపుకు అడుగు పైన హెచ్చరిక టేపు వెయ్యాలని నియమం. తవ్వేవాడికి ముందు టేపు కనబడాలి, అప్పుడు బకెట్ ఆపాలి. టేపు వేశారు, ఎందుకు వెయ్యలేదు? పైపును ఆనుకుని వేశారు. దాంతో టేపూ, పైపూ, కేబులూ మూడూ ఒకేసారి బకెట్ పళ్లకు వేలాడుతూ బయటికొచ్చాయి. "జాగ్రత్త, కింద కేబుల్ ఉంది" అన్న అక్షరాలు గాల్లో ఊగుతున్నాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ ఒకే క్షణంలో తెగాయి. యాభై మిల్లీసెకన్లు కూడా పట్టలేదు.

తెగిన చోటుకు అవతలున్న స్విచ్‌లు మాత్రం సుఖంగానే ఉంటాయి. చివరి కొసన అవన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి కదా. కెమెరాలు చూస్తాయి, సెన్సర్లు కొలుస్తాయి, ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. వాటి గోడు వినే కంట్రోల్ రూమ్ ఒక్కటే ఉండదు.

తెగింది ఎక్కడో ఓటీడీఆర్, అంటే పోగులోకి వెలుగు పంపి కోత ఎంత దూరంలో ఉందో కొలిచే పరికరం, చెబుతుంది: 14.2 కిలోమీటర్లు. బృందం 14.2 కిలోమీటర్ల రాయి దగ్గర దిగి తవ్వడం మొదలుపెడుతుంది. అక్కడ కేబుల్ నిక్షేపంగా ఉంటుంది. ఓటీడీఆర్ కొలిచేది రోడ్డును కాదు, పోగును. కిలోమీటరుకో ఛాంబర్ చొప్పున 14 ఛాంబర్లలో, అంటే కేబుల్ గుంతల్లో, ఒక్కోదాంట్లో మిగులుగా వదిలిన 20 మీటర్ల కేబుల్ చుట్ట ఉంటే అదే 280 మీటర్లు. కేబుల్ లోపల పోగు మెలి తిరిగి ఉంటుంది గనక ఒక శాతం అదనం, అది ఇంకో 140. అంటే కోత ఉన్నది 13.8 దగ్గర. చుట్టలు ఎక్కడెక్కడ ఎన్ని మీటర్లు వదిలారో రాసిన కాగితం ఉంటే ఇది రెండు నిమిషాల కూడిక. ఆ కాగితం బదులు రింగు బొమ్మ ఉంది, లామినేషన్ చేసి.

ఈలోగా రోడ్డు మీద. సందేశాల బోర్డుకు కంట్రోల్ రూమ్ నుంచి మాట పలుకు లేకపోతే ఏం చెయ్యాలో ఎన్‌టీసీఐపీ 1203 అనే, ఆ బోర్డుల కోసం రాసిన ప్రమాణంలోనే ఉంది. ఇన్ని నిమిషాలు ఏమీ రాకపోతే సంబంధం తెగిందనుకుని, ముందే దాచుకున్న ఫలానా సందేశానికి మారాలి. ఆ నిమిషాల గడిలో సున్నా వేస్తే తెగినా పట్టించుకోదు. బిగించిన కొత్తలో లింకు పడుతూ లేస్తూ బోర్డు అస్తమానం మారిపోతుంటే విసుగొచ్చి ఎవరో సున్నా కొడతారు. దాన్ని మళ్లీ ముట్టుకునేవాడుండడు.

తెల్లవారుజామున పొగమంచు దిగింది. సెన్సరు కొలిచింది, చూపు ఆనేది 60 మీటర్లు. చెప్పింది, ఎవరికీ అందలేదు. బోర్డు మీద రాత్రి నాటి మాటే వెలుగుతోంది: "దారి ఖాళీగా ఉంది. శుభ ప్రయాణం." గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 28 మీటర్లు. కళ్లు చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి రెండు సెకన్లు, 56 మీటర్లు. మిగిలింది నాలుగు. ఆ నాలుగు మీటర్లలో ఆగిన లారీ ఉంది. పక్కనే ఎమర్జెన్సీ ఫోను ఉంది, నెత్తురోడే చేత్తో ఎవరో ఎర్ర బటన్ నొక్కుతూనే ఉన్నారు, అది కూడా ఆ నాలుగు పోగుల మీదే వెళ్లాలి. దీన్ని "నెట్‌వర్క్ అంతరాయం" అని రాయడానికి చేతులెలా వస్తాయి? ఒక్క కేబుల్ మీద నడిచే వ్యవస్థ అని ఉన్నమాట చెప్పి ఉంటే కనీసం గస్తీ బండి తిరిగేది. రింగు ఉందని సంతకం పెట్టి, ఆ ధీమాతో గస్తీని తగ్గించారు. సిగ్గుండాలి.

ఇంత అనర్థాన్ని పట్టుకోవడానికి కావలసిన పరీక్షకు నయాపైసా ఖర్చు లేదు. కంట్రోల్ రూమ్‌లోని ఫైబర్ ప్యానెల్ దగ్గరికెళ్లి, ఒక కేబుల్‌కు సంబంధించిన ప్యాచ్ కార్డులన్నీ ఒకేసారి పీకాలి. ఒక్కటి కాదు, అన్నీ. నిజమైన రింగయితే తెరలు వెలుగుతూనే ఉంటాయి. మడత రింగయితే గోడంతా నల్లబడుతుంది, చప్పట్లు ఆగిపోతాయి. ఇంకాస్త తెలివైన రకాలకు ఇదీ చాలదు. రోడ్డుకు రెండు వైపులా చక్కగా రెండు కాలువలు తవ్వి, వంతెన రాగానే రెండు కేబుళ్లనూ ఒకే ట్రేలోకి దించుతారు. బ్యాకప్‌కు రెండు కంపెనీల సిమ్‌లు వేస్తారు, ఆ రెండు కంపెనీల టవర్ల ఫైబరూ అదే కల్వర్టు కింద నుంచి పోతుంది. అందుకే మీటరు మీటరుకు ఏ కేబుల్ ఏ వైపుందో మ్యాపు అడగాలి.

తర్వాత విచారణ. చేపా చేపా ఎందుకు ఎండలేదని మొదలుపెట్టి, డిజైనరు కాంట్రాక్టరు మీద, కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరు మీద, అతను కల్వర్టు వాళ్ల మీద వేసి, చివరికి జేసీబీ డ్రైవరు దగ్గర తేలుతుంది. నేను తవ్వేచోట కేబుల్ పెడితే తెగదా అంటాడతను. ఫైలు మూశారు. దిద్దుబాటు చర్యగా అదనపు భద్రత కోసం రెండో కేబుల్ మంజూరైంది. దాన్ని వేసేది ఖాళీగా ఉన్న స్పేర్ పైపులో. ఆ పైపు అదే కాలువలో, మొదటి పైపుకు బెత్తెడు దూరంలో ఉంది. కొత్త బొమ్మలో రింగులు రెండు.