మొదటి వారం సంగతి కూడా రాయాల్సింది

గర్భనిరోధక మాత్ర మొదలుపెడితే ఇక భయం లేదని మీరు వేసిన వ్యాసంలో ఒక్క మాటతో తేల్చేశారు. ఎప్పుడు మొదలుపెట్టారన్నదే అసలు విషయం. నెలసరి మొదలైన 5 రోజుల్లోపు వేసుకుంటే ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. ఆ తర్వాత మొదలుపెడితే వరుసగా 7 రోజులు మాత్ర పడేదాకా నిరోధ్ వాడాల్సిందే. నర్సంపేట వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. కొత్తగా పెళ్లయిన పిల్లలు పొరపడేది ఇక్కడే. ‘నిన్ననే మొదలుపెట్టిన కదా అక్కా, ఇంకేమైతది?’ అంటారు.

మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్రల ప్యాకెట్‌లో 21 తెల్లవి, 7 నల్లవి ఉంటాయి. నల్లవి ఐరన్ మాత్రలు. అవి మానేసినా గర్భం రాదు, కానీ రోజుల లెక్క తప్పి కొత్త ప్యాకెట్ ఆలస్యమైతే మాత్రం ప్రమాదమే. అందుకే నల్లవి కూడా వేసుకోమంటాను. అవి అయిపోయిన మర్నాడే కొత్త ప్యాకెట్ తెరవాలి. బతుకమ్మకు తల్లిగారింటికి పోతూ ప్యాకెట్ ఇంట్లోనే మరిచిపోయేవాళ్లను ఏటా చూస్తాను. దయచేసి సంచిలో ముందు అదే పెట్టుకోండి.

పాలిచ్చే తల్లులు కాన్పయిన 6 నెలల దాకా ఇవి వాడొద్దు. క్షయకు రిఫాంపిసిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి, ఆ మందు గర్భనిరోధక మాత్ర బలాన్ని తగ్గిస్తుంది. నెల తప్పిందని అనుమానం వస్తే టెన్షన్ పడుతూ కూర్చోకుండా ఆశా అక్కను అడిగి పరీక్ష చేసుకోండి. తెలియక గర్భంతో కొన్ని మాత్రలు వేసుకున్నా బిడ్డకు లోపాలు వస్తాయనడానికి ఆధారాలు లేవు.