కనిపించని గుణానికి అంకె వేసేటప్పుడు

1978 నాటి హత్య కేసులో ఫ్రెడ్డీ లీ హాల్ అనే వ్యక్తికి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో మరణశిక్ష పడింది. మేధో వైకల్యం ఉన్నవారికి మరణశిక్ష అమలు చేయకూడదని 2002లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ వైకల్యం ఉందని వాదించాలంటే ముందు ఐక్యూ 70 లేదా అంతకంటే తక్కువ ఉండాలని ఫ్లోరిడా గీత గీసింది. హాల్‌కి వచ్చిన స్కోరు 71. ఆ ఒక్క పాయింటు తేడాతో, అతని వైకల్యం గురించిన మిగతా ఆధారాలను చూడాల్సిన పనే లేదన్నారు. చివరికి 2014లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఐక్యూ స్కోరును ఒక పరిధిగా చూడాలని, పరీక్షలో సహజంగా ఉండే దోషాన్ని పట్టించుకోకుండా ప్రాణం మీద నిర్ణయం తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. తీర్పు 5-4 మెజారిటీతో వచ్చింది. ఇంత ప్రాథమికమైన సంగతి మీద కూడా నలుగురు న్యాయమూర్తులు విభేదించారన్నది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

తెలివి, ఆందోళన, కుంగుబాటు, మూర్తిమత్వం లాంటివాటిని ఎవరూ నేరుగా చూడలేరు. మనకు కనిపించేవి జవాబులే. ఒక సబ్జెక్టులో బాగా రాసే పిల్లలు మిగతావాటిలోనూ బాగానే రాయడం గమనించిన బ్రిటన్ మనస్తత్వవేత్త చార్లెస్ స్పియర్‌మన్, వీటన్నిటి వెనక ఒక సాధారణ ప్రజ్ఞ ఉందని 1904లో ప్రతిపాదించారు. ఆ తర్వాత వచ్చిన మానసిక పరీక్షల్లో చాలావాటికి ఆధారం ఇదే తర్కం. నిప్పు లేనిదే పొగ రాదు కాబట్టి, పొగను చూసి నిప్పు ఎంతుందో లెక్కగట్టడం లాంటిది ఇది. అందులో తప్పు లేదు. కనిపించనంత మాత్రాన కొలవకూడదనే వాదనతో నేను ఏకీభవించను. కాకపోతే ఈ లెక్క ఒక ఊహ మీద నిలబడిందని, అందులో కొంత దోషం తప్పదని చివరిదాకా గుర్తుంచుకోవాలి.

ఆ దోషం ఎంత ఉంటుంది? ఐక్యూ పరీక్షల్లో సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15. ఒక పరీక్ష విశ్వసనీయత, అంటే మళ్లీ పెట్టినా దాదాపు అదే ఫలితం ఇచ్చే గుణం, 1కి 0.90 అనుకుందాం. అది మంచి పరీక్ష కిందే లెక్క. అయినా అందులో వచ్చే ఏ స్కోరుకైనా దాదాపు 4.7 పాయింట్ల ప్రామాణిక దోషం ఉంటుంది. 95 శాతం నమ్మకంతో మాట్లాడాలంటే అటూ ఇటూ 9 పాయింట్లు వదలాలి. అంటే 71 అని రాసి ఉన్నచోట 62 నుంచి 80 దాకా ఎంతైనా కావచ్చని చదువుకోవాలి. మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5 సైతం 70 అనే హద్దును 65 నుంచి 75 దాకా ఉన్న పరిధిగానే చూడమంటుంది.

విశ్వసనీయత ఎక్కువ ఉంటే చాలనుకోవడం ఇంకో పొరపాటు. ప్రశ్నావళి నాణ్యత గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా చూపించేది, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫానే. కానీ ఒకే ప్రశ్నను మాటలు మార్చి నాలుగుసార్లు అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. ఆ ప్రశ్నలు మనం అనుకున్న గుణాన్నే కొలుస్తున్నాయా అన్నది వేరే విషయం, అదే సప్రమాణత. 1955లో క్రాన్‌బాక్, పాల్ మీల్ అనే మనస్తత్వవేత్తలు కలిసి రాసిన వ్యాసం ఈ ప్రశ్ననే ముందుకు తెచ్చింది. కుంగుబాటును అంచనా వేసే సీఈఎస్-డీ అనే ప్రశ్నావళిలో ఏడుపు గురించి ఒక అంశం ఉంది. కుంగుబాటు ఒకే స్థాయిలో ఉన్నా, దానికి అవునని చెప్పే ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువ. మరి అక్కడ కొలిచింది కుంగుబాటునా, ఏడవడానికీ ఏడ్చానని ఒప్పుకోవడానికీ సమాజం ఎవరికి ఎంత వీలిచ్చిందన్న విషయాన్నా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది కుంగుబాటును అంచనా వేసే మరో ప్రశ్నావళి, పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వైద్యులు జాగ్రత్తగా చూస్తారు. ఒకరికి నిద్ర పట్టదు, ఒంట్లో ఓపిక ఉండదు, ఆకలి దెబ్బతింది, దేనిమీదా ధ్యాస నిలవదు. నాలుగింటికీ మూడేసి వేస్తే స్కోరు 12. ఇంకొకరు మాత్రం హాయిగా తింటారు, నిద్రపోతారు. కానీ మనసు దిగులుగా ఉంటుంది, దేనిమీదా ఆసక్తి లేదు, తానెందుకూ పనికిరానని అనుకుంటారు, చనిపోతే బాగుండునన్న ఆలోచన రోజూ వస్తుంది. ఆయన స్కోరూ 12 అవుతుంది. ఇద్దరికీ కలిసిన లక్షణం ఒక్కటి కూడా లేదు. ఇద్దరిలోనూ ఒకే 'కుంగుబాటు' ఒకే మోతాదులో ఉందని ఆ అంకె చెబుతోంది.

డెన్నీ బోర్స్‌బూమ్ లాంటి పరిశోధకులు ఇక్కడే ఒక కొత్త మాట అన్నారు. లక్షణాల వెనక దాగిన ఒకే కారణం ఉండాల్సిన పనిలేదు, లక్షణాలే ఒకదాన్నొకటి పుట్టించవచ్చు అని. నిద్ర లేకపోతే నీరసం, నీరసంతో పని పాడవడం, పని పాడైతే తనమీద తనకే చిరాకు. ఈ వాదన పూర్తిగా రుజువైందని అనను. కానీ వెనక ఒకే గుణం ఉందన్నది కూడా పరీక్షకు పెట్టాల్సిన ఊహేనని ఇది గట్టిగా గుర్తుచేసింది.

నిజానికి శాస్త్రం ఈ దోషాలను దాచలేదు. డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త జార్జ్ రాష్ 1960లో ప్రచురించిన నమూనాలో ప్రశ్న కష్టాన్నీ, మనిషి సామర్థ్యాన్నీ ఒకే కొలబద్ద మీద పెట్టారు. ఆ దారిలో పెరిగిన పద్ధతులతో ఒక్కో స్కోరులో ఎంత దోషం ఉందో విడివిడిగా చెప్పొచ్చు. ఆ దోషం మాయమయ్యేది స్కోరు పరీక్ష తయారుచేసినవాళ్ల చేతుల్లోంచి ఉద్యోగాలిచ్చే కంపెనీలకు, స్కూళ్లకు, కోర్టులకు చేరే దారిలో. 1905లో ఫ్రాన్స్ మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే తన పరీక్షను తయారుచేసింది చదువులో అదనపు సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికి. తర్వాత అలాంటి పరీక్షలే మనుషుల్ని పుట్టుకతో ఎక్కువ తక్కువలుగా వరసపెట్టడానికి సాధనాలయ్యాయి.

అందుకే పరీక్ష రాసిన మనిషి చేతికి వచ్చే కాగితంలో ఒంటి అంకె ఉండకూడదు. దాని పరిధి ఉండాలి. ఆ పరీక్షను ఏ పని కోసం, ఎలాంటి జనం మీద సరిచూశారో రాసి ఉండాలి. ఉద్యోగానికి మూర్తిమత్వ పరీక్ష పెట్టే కంపెనీ, ఆ స్కోరుకీ ఆ పనిలో రాణించడానికీ సంబంధం ఉందని చూపించలేకపోతే దాని ఆధారంగా ఎవరినీ తిరస్కరించకూడదు. వైద్యులు కూడా మొత్తం చూసి ఆగిపోకుండా ఒక్కో జవాబూ చదవాలి. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చావు గురించిన ఆలోచనలది. మొత్తం స్కోరు 4 దాటకపోయినా, ఆ ఒక్క ప్రశ్నకు సున్నా కాకుండా మరో జవాబు వస్తే, ఆ మనిషి బయటికి వెళ్లేలోపే దాని గురించి ఆయనతో మాట్లాడాలి.