మంచు పడకముందే ఒకసారి అటిక్‌లోకి

ప్రతి చలికాలం మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. ఇంటి కప్పు మీద తెల్లటి మంచు, చూరు పట్టుకుని వేలాడే రెండడుగుల మంచు కడ్డీలు, వాటి కింద నవ్వుతూ నిలబడ్డ పిల్లలు. చూసినవాళ్ళంతా ‘ఎంత బాగుందో’ అంటారు. నాకు మాత్రం గుండె గుబేలుమంటుంది. ముందు ఆ పిల్లల్ని అక్కడి నుంచి పక్కకు రమ్మని చెప్పాలనిపిస్తుంది. ఆ తర్వాత ఇంటివాళ్ళకు ఫోన్ చేసి, మీ అటిక్‌లోకి, అంటే కప్పుకీ సీలింగుకీ మధ్య ఉండే ఖాళీలోకి, ఎవరైనా ఎప్పుడైనా ఎక్కి చూశారా అని అడగాలనిపిస్తుంది. చాలామందిని అడిగాను కూడా. ఇల్లు కొన్న రోజు ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు, ఆ తర్వాత ఎవరూ వెళ్ళలేదన్నదే ఎక్కువగా వచ్చే సమాధానం.

ఆకులు రాలే ఈ రోజుల్లో కప్పు గురించి మనం ఏదైనా చేస్తే, చూరు వెంట వాననీటిని పట్టే గట్టర్లు శుభ్రం చేయిస్తాం. అది అవసరమే. కానీ చలికాలంలో ఇంట్లోకి నీళ్ళు రావడానికి అసలు కారణం చాలాసార్లు కప్పు పైన ఉండదు, కప్పుకీ సీలింగుకీ మధ్య ఉంటుంది. మన చూపు అటు తిప్పాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

నాకు ఇది నష్టపోయాకే తెలిసింది. మేం ఇల్లు కొన్న రెండో ఏడాది ఫిబ్రవరిలో, ఒక రాత్రి హాల్లో కిటికీ పై చట్రం నుంచి నీళ్ళు కారడం మొదలైంది. బయట వాన లేదు. ఆకాశంలో చుక్కలు కనిపిస్తున్నాయి. తువ్వాళ్ళు పరిచాం, గిన్నెలు పెట్టాం, తెల్లవార్లూ ఆ టప్ టప్ వింటూ కూర్చున్నాం. మర్నాడు వచ్చిన రూఫింగ్ మనిషి కింద నుంచే పైకి చూసి, చూరు వెంట హీట్ కేబుల్, అంటే మంచు కరిగించే కరెంటు తీగ, వేయిస్తే సరిపోతుందన్నాడు. వేయించాం. మరుసటి చలికాలం ఇంకో కిటికీ కారింది. చివరికి మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, వడ్రంగం పని చేసి రిటైరైన మనిషి, టార్చి పట్టుకుని అటిక్‌లోకి ఎక్కి ఐదు నిమిషాల్లో దిగివచ్చాడు. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఊడిపోయి ఉంది. మేం వేడినీళ్ళతో స్నానం చేసిన ప్రతిసారీ ఆ వేడి, ఆ ఆవిరి బయటికి పోకుండా కప్పు చెక్కల కిందే తిరుగుతున్నాయి. గొట్టం బిగించి, సందులు మూసి, ఇంటి వేడి పైకి పోకుండా ఆపే ఇన్సులేషన్ పెంచాక ఆ కిటికీలు మళ్ళీ కారలేదు.

జరిగేది ఇదీ. ఇంట్లో వేడి చేసిన గాలి సీలింగులో ఉన్న చిన్న చిన్న సందుల్లోంచి అటిక్‌లోకి ఎక్కుతుంది. దాంతో కప్పు చెక్క వెచ్చబడి, పైనున్న మంచు అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీరు వాలు వెంట చూరు దాకా జారుతుంది. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది, దాని కింద ఇంటి వెచ్చదనం లేదు. అక్కడికి రాగానే నీరు మళ్ళీ గడ్డ కడుతుంది. రోజూ ఇలా జరిగితే చూరు అంచున మంచుగడ్డతో ఒక కట్ట ఏర్పడుతుంది. దీన్నే ఐస్ డ్యామ్ అంటారు. ఆ తర్వాత వచ్చే నీటికి దారి లేక కట్ట వెనక మడుగు కడుతుంది. కప్పు మీద పరిచే షింగిల్స్ అనే పలకలను చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చేది నీరు కిందికి జారిపోతుందన్న లెక్కతోనే. వెనక్కి ఎగదన్నే నీటిని ఆపే శక్తి వాటికి లేదు. నీరు పొలుసుల కిందికి దూరి, చెక్కలోంచి, ఇన్సులేషన్‌లోంచి, గోడ లోపలి నుంచి దిగి, చివరికి మనకు కిటికీ దగ్గర కనిపిస్తుంది. మనం కిటికీని తప్పుబడతాం.

చల్లని ప్రాంతాల్లో కొత్తగా కప్పు వేసేటప్పుడు చూరు అంచు నుంచి, బయటి గోడ లోపలి ముఖం దాటి కనీసం 24 అంగుళాలు లోపలికి, షింగిల్స్ కింద అతుక్కునే పొర ఒకటి పరుస్తారు. దాన్ని ఐస్ అండ్ వాటర్ షీల్డ్ అంటారు. అది ఉంటే మంచిదే. కానీ అది కారిన నీటిని ఆపే చివరి అడ్డు మాత్రమే. కప్పు వెచ్చబడకుండా చూడటం దాని పని కాదు. హీట్ కేబుల్ కూడా అంతే, మంచుకట్టలో నీటికి ఒక సన్నని దారి చేస్తుంది, దానికీ కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. మొదటి మందుగా హీట్ కేబుల్ అమ్మేవాళ్ళ మాట నేను ఇప్పుడు వినను.

కాబట్టి అక్టోబరులో ఒక పగటిపూట అటిక్ తలుపు తీయండి. మాస్కు, గ్లవ్స్, మంచి టార్చి ఉంటే చాలు. అడుగు ఎప్పుడూ అడ్డ దూలాల మీదే వేయాలి, మధ్యలో ఉన్నది సీలింగు బోర్డు, అది మనిషి బరువు మోయదు. ముందు టార్చి ఆర్పి ఒక నిమిషం చీకట్లో నిలబడండి. గాలి ఆడటానికి పెట్టిన వెంట్లు ఉన్న చోట తప్ప ఇంకెక్కడైనా వెలుగు చుక్కలు కనిపిస్తే అవి నీరు దూరే దారులు. తర్వాత టార్చి వేసి కప్పు చెక్కను చూడండి. నల్లటి మరకలున్నాయా, షింగిల్స్ మేకుల మొనలు తుప్పు పట్టాయా అన్నది గమనించండి. తుప్పు ఉంటే, కిందటి చలికాలం ఇంట్లోని తేమ ఆ మొనల మీద పేరుకుని గడ్డ కట్టి, తర్వాత కరిగి ఉంటుంది. ఇలాంటప్పుడు కప్పు కారుతోందని చాలామంది షింగిల్స్ మార్పిస్తారు. తేమ కింద నుంచి వస్తుంటే కొత్త షింగిల్స్ ఏం చేయగలవు?

తర్వాత సందులు. బాత్రూమ్, వంటగది ఫ్యాన్ల గొట్టాలు ఇంటి బయటికే చేరుతున్నాయో లేదో చేత్తో పట్టుకుని చూడాలి. నీటి గొట్టాలు, కరెంటు వైర్లు సీలింగును తొలుచుకుని వచ్చే చోట్లు, గోడల పై అంచులు, అటిక్ తలుపు చుట్టూ ఉండే ఖాళీ, ఇవన్నీ వేడిగాలికి చిమ్నీలే. నురగ, సీలెంట్, రబ్బరు పట్టీలతో చాలావరకు మనమే మూసుకోవచ్చు. సీలింగులోకి దిగేసిన లైట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. పాతకాలం లైట్లలో ఇన్సులేషన్ తగిలితే వేడెక్కి నిప్పంటుకునే రకాలున్నాయి. ఆ పని, చిమ్నీ చుట్టూ ఉన్న ఖాళీ పని తెలిసినవాళ్ళకే వదలండి. ఇల్లు చాలా పాతదై, ఇన్సులేషన్ గులకరాళ్ళలా మెరిసే వర్మిక్యులైట్ అయితే దాన్ని కదపనే వద్దు. అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించేదాకా అటిక్ తలుపు మూసి ఉంచడమే మేలు.

సందులు మూశాకే ఇన్సులేషన్. ఈ వరస తప్పితే పెట్టిన డబ్బు సగం వృథా, ఎందుకంటే దూదిలాంటి ఆ పదార్థంలోంచి కదిలే గాలి సులువుగా వెళ్ళిపోతుంది. చలి ఎక్కువ ఉండే ప్రాంతాల్లో అటిక్‌కు ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలంటారు. ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలత, అంకె ఎంత పెద్దదైతే అంత బాగా ఆపుతుంది. ఊది నింపే ఫైబర్‌గ్లాస్, సెల్యులోజ్ లాంటివి అంగుళానికి సుమారు ఆర్-3 ఇస్తాయి కాబట్టి, ఒక స్కేలు గుచ్చి చూస్తే పదహారు నుంచి ఇరవై అంగుళాల మందం కనిపించాలి. పాత ఇళ్ళలో ఆరేడు అంగుళాలకే దూలాల తలలు బయటికి కనిపించడం నేను చూశాను.

వెంట్ల గురించి మన వాళ్ళలో ఒక అపోహ గట్టిగా ఉంది. చలి లోపలికి వస్తుందని చూరు కింది సాఫిట్ వెంట్లలో గుడ్డలు కుక్కినవాళ్ళున్నారు. అటిక్ చల్లగా ఉండటమే మనకు కావలసింది! కింద చూరు దగ్గర చల్లగాలి లోపలికి వచ్చి, పైన కొప్పు దగ్గరి రిడ్జ్ వెంట్ నుంచి బయటికి పోతూ ఉంటే కప్పు అంతా ఒకే చలిలో ఉంటుంది. మంచు కరగదు, తేమ నిలవదు. ఇన్సులేషన్ పోసేటప్పుడు ఈ వెంట్లు పూడిపోకుండా, చూరు వైపున బాఫిల్స్ అనే పలకలు అడ్డుపెట్టించాలి. పనివాళ్ళు వేగంగా ముగించాలనుకున్నప్పుడు ముందు వదిలేసేది వీటినే. అందుకే పని అయ్యాక మీరే ఎక్కి చూసుకోండి.

ఇక బయట. దీనికి కప్పు ఎక్కాల్సిన పనే లేదు. బైనాక్యులర్స్‌తోనో, ఫోన్ కెమెరా జూమ్‌తోనో నేల మీద నిలబడి ఇల్లు చుట్టూ ఒకసారి తిరగండి. లేచిన షింగిల్స్, చిమ్నీ దగ్గర నీరు దూరకుండా అతుకు మీద వేసే ఫ్లాషింగ్ రేకు ఊడి ఉండటం, వెంట్ గొట్టం చుట్టూ పగిలిన రబ్బరు కాలరు కనిపిస్తాయి. ఆ చిన్న రబ్బరు కాలరు ఎండకు పగలడం వల్ల వచ్చే లీకులు చాలా ఎక్కువ, మార్చడమేమో చిన్న పని. గట్టర్లు చివరి ఆకు రాలాక శుభ్రం చేయించండి, ముందే చేయిస్తే మళ్ళీ నిండుతాయి. గట్టర్ నుంచి కిందికి దిగే గొట్టం, డౌన్‌స్పౌట్, నీరు పునాదికి కనీసం నాలుగైదు అడుగుల దూరంలో పడాలి.

రిపేర్లు మాత్రం ఆఖరి ఆకు దాకా ఆగకూడదు. షింగిల్ కింద ఒక జిగురు పట్టీ ఉంటుంది, అది ఎండకు వెచ్చబడితేనే కింది షింగిల్‌కు అతుక్కుంటుంది. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలిలో అది సరిగ్గా పట్టదు, షింగిల్ కూడా పెళుసై విరుగుతుంది. నవంబరు చివర హడావిడిగా వేయించినది గాలికి లేచిపోతుంది. సెప్టెంబరులోనే ఫోన్ చేస్తే మంచి పనివాడు దొరుకుతాడు.

ఒక మాట కోపంగానే చెబుతున్నాను. దయచేసి కప్పు ఎక్కకండి. ఒక్క అంతస్తే కదా అనే మాట మన మగవాళ్ళ నోట ప్రతి ఏడాదీ వింటున్నాను. తడి ఆకులు పడ్డ షింగిల్స్ మీద కాలు నిలవదు, ఒక్క అంతస్తు ఎత్తు వెన్నెముక విరగడానికి సరిపోతుంది. గట్టర్ కోసం నిచ్చెన వేసినా, ఎత్తు నాలుగడుగులకు ఒక అడుగు చొప్పున కింది భాగం గోడకు దూరంగా ఉండాలి, కింద ఇంకొకరు పట్టుకోవాలి, కరెంటు తీగలు దగ్గర్లో ఉండకూడదు. చలికాలంలో మంచు దించడానికి నేల మీద నుంచి లాగే రూఫ్ రేక్ ఇప్పుడే కొనిపెట్టుకోండి. మంచు తేలికగా కనిపిస్తుంది కానీ, అది కరిగితే ఒక అంగుళం నీరయ్యేంత ఉంటే చదరపు అడుగుకు 5.2 పౌండ్ల బరువు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 5 వేల పౌండ్ల పైమాట. మంచుకట్టను గొడ్డలితో, సుత్తితో కొట్టడం మాత్రం వద్దు, మంచుతో పాటు షింగిల్ కూడా పోతుంది.

టౌన్‌హౌస్‌లలో ఉండేవాళ్ళు కప్పు సంగతి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, చూసుకుంటుందని వదిలేస్తారు. అటిక్ ఎవరి బాధ్యతో ఒప్పందం కాగితాల్లో చదివి తెలుసుకోండి. ఇన్సూరెన్స్ విషయంలోనూ అంతే. హఠాత్తుగా జరిగిన నష్టానికి ఇచ్చినా, ఏళ్ళ తరబడి పట్టించుకోకపోవడం వల్ల జరిగినదానికి సాధారణంగా ఇవ్వరు. తేదీతో సహా ఫొటోలు తీసి ఉంచుకుంటే అవే రేపు మీ తరఫున మాట్లాడతాయి.

మన సంఘం నుంచి నేను కోరేది ఒకటుంది. పండగల ఏర్పాట్లకు ఎంతమంది ముందుకొస్తారో మనకు తెలుసు. ఆ ఉత్సాహంలో ఒక్క శనివారం పక్కన పెడదాం. కొత్తగా ఇల్లు కొన్న నాలుగైదు కుటుంబాలు, అనుభవం ఉన్న ఇద్దరు, ఒక అటిక్. ఏది చూడాలో, ఏది ముట్టుకోకూడదో కళ్ళతో చూస్తే పది వీడియోల కంటే బాగా గుర్తుంటుంది. మాకు ఆ పెద్దాయన ఎదురింట్లో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. అలాంటి పొరుగు లేని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి, మొదటి చలికాలం వాళ్ళు ఎవరిని అడగాలో తెలియక టెన్షన్ పడుతుంటారు.

అక్టోబరు మొదటి శనివారం ఉదయం మా ఇంటి అటిక్ నిచ్చెన దించి ఉంచుతాను. ఊడిన గొట్టం ఎక్కడ ఉండేదో, మూసిన సందులు ఎలా ఉన్నాయో చూపిస్తాను. పాత మరకలు ఇంకా చెక్క మీదే ఉన్నాయి. సంఘం కార్యవర్గానికి ఒక మెసేజ్ పెట్టి రండి, మాస్కు, టార్చి మాత్రం మీవే తెచ్చుకోండి.