స్కోరు పుస్తకానికి ఎక్కని బంతులు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వర్ణ వివక్షను ఛేదించినవాడిగా జాకీ రాబిన్సన్ పేరూ, 1947 సంవత్సరమూ చాలామందికి తెలిసినవే. అంతకు 63 ఏళ్ల ముందు, 1884లో, అమెరికన్ అసోసియేషన్ అనే అప్పటి మేజర్ లీగ్‌లో టొలీడో జట్టుకు క్యాచర్‌గా ఆడిన నల్లజాతి యువకుడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్‌కు రికార్డుల్లో దక్కింది ఒక్క వరుస: 42 మ్యాచ్‌లు, 0.263 బ్యాటింగ్ సగటు (అంటే బ్యాటింగ్ అవకాశాల్లో నాలుగో వంతుకు కాస్త పైగా హిట్లు). ఆ వరుసను చూపించి ఆయనను మామూలు ఆటగాళ్ల జాబితాలో వేసేయడం అన్యాయమే కాదు, లెక్క ప్రకారం చూసినా తప్పే.

క్యాచర్ అనగానే క్రికెట్ తెలిసిన మనకు వికెట్‌కీపర్ గుర్తుకొస్తాడు గానీ, ఆ పోలిక సగం దూరమే వస్తుంది. తర్వాతి బంతి ఎలాంటిది వేయాలో వేళ్ల సంజ్ఞతో పిచర్‌కు, అంటే బంతి విసిరేవాడికి, సూచించేది క్యాచరే. ఆ బంతికి తగ్గట్టుగానే తన చేతులనూ ఒంటినీ ముందే సిద్ధం చేసుకుంటాడు. నేటి మందపాటి గ్లవ్ గానీ కాళ్లకు కవచాలు గానీ లేని ఆ రోజుల్లో పలచని తోలు తొడుగులతో, కొన్నిసార్లు ఒట్టి చేతులతోనే బంతిని ఆపాలి. వంపు తిరుగుతుందనుకున్న బంతి నేరుగా దూసుకొస్తే వేళ్లు చితుకుతాయి. చేతికి చిక్కకుండా వెనక్కి పోతే ‘పాస్డ్ బాల్’ అంటూ ఆ తప్పును క్యాచర్ ఖాతాలోనే రాస్తారు.

ఇప్పుడు టోనీ ములేన్ మాట వినాలి. ఆ ఏడాది టొలీడోకు ప్రధాన పిచర్ అయిన ఆ తెల్లజాతి ఆటగాడు, 1919లో స్వయంగా ఒప్పుకున్నదేమిటంటే, తాను కలిసి ఆడిన క్యాచర్లందరిలో వాకరే ఉత్తముడు. అయినా నల్లవాడంటే తనకు గిట్టదు కనుక, ఆయన సంజ్ఞలను పట్టించుకోకుండా తోచిన బంతి వేసేవాడు. ఒకనాడు వంపు బంతి అడిగితే వేగపు బంతి వేశాడు. వాకర్ నేరుగా పిచర్ దగ్గరికి నడిచివెళ్లి, సంజ్ఞలే లేకుండా పడతాను గానీ, సంజ్ఞ ఇచ్చాక దానికి విరుద్ధంగా వేస్తే పట్టనని చెప్పాడు. ఆ సీజన్ మిగిలిన రోజులన్నీ ఏ బంతి వస్తుందో తెలియకుండానే పట్టాడు. సొంత జట్టువాడే ప్రత్యర్థి అయినప్పుడు నమోదైన ‘తప్పులు’ ఎవరి తప్పులు?

తలుపు శాశ్వతంగా తెరిచినవాడు రాబిన్సనే కదా, ఒక్క సీజన్ ఆడినవాడికి అంత ప్రాముఖ్యం దేనికి అనేవారున్నారు. రాబిన్సన్ గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ తలుపు మొదటినుంచీ మూసి లేదు, వాకర్ లాంటివారు లోపల ఉండగానే మూశారు. 1887 జులై 14న, మేజర్ లీగ్‌లకు కింది స్థాయిదైన ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు ఇకపై నల్లజాతి ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని ఓటు వేసి మరీ తీర్మానించారు. అదే లీగ్‌లో వాకర్ 1889లో సిరక్యూస్ జట్టు నుంచి నిష్క్రమించాక, 1946లో మాంట్రియల్‌కు రాబిన్సన్ ఆడేదాకా మరో నల్లజాతి ఆటగాడు కనబడలేదు.

అంకెలు అబద్ధం చెప్పవు, ప్రతిభ ఒక్కటే కొలమానం అనే మాట ఉద్యోగాల గురించో సీట్ల గురించో చర్చ వచ్చిన ప్రతిసారీ మన దగ్గరా వినిపిస్తుంది. మార్కుల జాబితాలో చివరి అంకె ఉంటుంది, ఆ అంకె వెనుక ఎవరికి సహకారం అందిందో, ఎవరికి కావాలనే అందకుండా చేశారో ఉండదు. ములేన్ నోరు విప్పాడు కనుక వాకర్ విషయం మనకు తెలిసింది. అలా నోరు విప్పేవారు ఎంతమంది ఉంటారు?

వాకర్ 1924లో మరణించాడు. ఒహాయోలోని స్టూబెన్‌విల్ శ్మశానంలో ఆయన సమాధికి పేరు చెక్కిన రాయి 1990 దాకా లేదు. ములేన్ పేరు కింద మాత్రం 1884 సీజన్‌కు 36 విజయాలు నేటికీ నమోదై ఉన్నాయి. వాటిలో సంజ్ఞలు లేకుండా వాకర్ చేతులు ఆపిన బంతులు ఎన్నో ఏ పుస్తకమూ లెక్కించలేదు.