ఆధార్ జిరాక్స్ వెనక రాసిన లెక్క

పోయిన డిసెంబరులో అమెరికా నుంచి హనుమకొండ వెళ్లినప్పుడు, బాపు (మా నాన్న) పెన్షన్ కాగితాలు జిరాక్స్ తీయించడానికి కాకతీయ యూనివర్సిటీ దారిలో ఒక దుకాణం ముందు నిలబడ్డాను. కౌంటర్ వెనక అబ్బాయికి ఊపిరి సలపడం లేదు. పక్కన కంప్యూటర్ తెర మీద వాట్సాప్ తెరిచి ఉంది. "అన్నా, పంపించాను, రెండు కాపీలు" అని బయటి నుంచి ఒకరు, "ముందూ వెనకా ఒకే పేజీలో రావాలి" అని ఇంకొకరు. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పదో తరగతి మెమోలు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతున్నాయి. నా వంతు అయ్యాక ఎంతయిందని అడిగాను. సరిగా పడని కాపీలను నాలుగు ముక్కలు చేసి దారంతో కట్టుకున్న కట్టలోంచి ఒక చీటీ లాగి, పేజీలు లెక్కగట్టి, 36 అని రాసి చేతిలో పెట్టాడు. స్కూటర్ దగ్గరికి వచ్చి చీటీ తిప్పి చూశాను. ఒక పెద్దావిడ ఫొటో. పుట్టిన సంవత్సరం. కింద పన్నెండు అంకెలు, ఒక్కటి కూడా చెరగకుండా. చిరునామా ఉన్న ముక్క ఇంకెవరికో బిల్లుగా వెళ్లి ఉంటుంది.

ఆ అబ్బాయిని నిందించడానికి ఇది రాయడం లేదు. కాగితం వృథా చేయకూడదని అతనికి ఎవరో మంచి మాటే నేర్పారు. నా పేచీ మనతోనే. గుర్తింపు చోరీ అని పెద్ద పేరు పెట్టుకున్నాం గానీ, చోరీ అంటే తాళం పగలాలి, గోడకు కన్నం పడాలి. ఇక్కడ అవేమీ ఉండవు. అడుగుతారు, ఇచ్చేస్తాం. లాడ్జిలో గది కావాలంటే ఆధార్, కిరాయి ఇంటికి ఆధార్, గ్యాస్ కనెక్షన్‌కు ఆధార్, ఆఖరికి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రిజిస్టరులో కూడా ఆధార్. "ఎందుకండీ?" అని అడగాలంటే నోరు రాదు. అడిగితే ఎదుటివాళ్లను అనుమానించినట్టు ఉంటుందని మొహమాటం. దొంగకు మన ఇంటి దారి చూపించేది ఆ మొహమాటమే అని నా గట్టి అభిప్రాయం.

ప్రభుత్వానికి కూడా ఈ విషయంలో మొహమాటమే అనిపిస్తుంది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, కనపడిన ప్రతివారికీ ఆధార్ జిరాక్స్ ఇవ్వవద్దని, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడుకోమని ఒక ప్రకటన చేసింది. రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందట, మామూలు జాగ్రత్త సరిపోతుందట. ఆ మామూలు జాగ్రత్త ఎలా ఉంటుందో నా చేతిలోని చీటీ చూస్తే తెలుస్తుంది. మాస్క్‌డ్ ఆధార్ మాత్రం ఇప్పటికీ ఆధార్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వరంగల్‌లో నేను కలిసినవాళ్లలో అది వాడుతున్నవారు ఒక్కరూ కనపడలేదు. కాగితమే ఇవ్వక తప్పకపోతే, ఫలానా పనికి మాత్రమే అని తేదీతో సహా ఫొటోకు అడ్డంగా రాసి సంతకం పెట్టడం పాత పద్ధతే గానీ ఇంకా పనికొస్తుంది. అలా రాసిన కాగితాన్ని మరో పనికి వాడాలంటే కనీసం కొంత కష్టపడాలి.

అంకెల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేలిముద్ర. 2018లో మన ఉత్తర తెలంగాణలోనే జరిగిన ఒక సంగతిని అప్పుడే మరిచిపోయాం. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యాపారి, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో అందుబాటులో ఉన్న భూముల దస్తావేజులను దించుకున్నాడు. అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు ఆ కాగితాల మీదే ఉంటాయి. రబ్బరు స్టాంపులు తయారు చేసే పద్ధతిలోనే వాటికి అచ్చులు తీశాడు. ఆ అచ్చులను యంత్రం మీద ఒత్తి, ఆ రైతుల పేర్లతో వేల సంఖ్యలో సిమ్ములు తెరిచాడు. దేశం మీద కుట్ర ఏమీ లేదు, అమ్మకాల టార్గెట్ పూర్తి చేయాలన్న తాపత్రయం. నాకు ఇందులో భయం వేసే సంగతి అదే. ఇంత చిన్న అవసరానికి ఇంత పెద్ద పని చేయగలిగాడు. పొలం అమ్ముకున్న మనిషి తప్పు ఏమిటి? చట్టం అడిగిన చోట బొటనవేలు ఒత్తాడు, అంతే.

చదువు రానివాళ్లు నిశాని వేస్తారని మన చిన్నప్పుడు ఎగతాళి చేసేవాళ్లం. ఇప్పుడు పీహెచ్‌డీలు చేసినవాళ్లం కూడా నిశానీలే వేస్తున్నాం. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం. బొటనవేలు పోతే ఎక్కడ తెచ్చుకుంటాం? అందుకే ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఒకటి ఉంది. వేస్తే మన వేలిముద్రతో, కనుపాపతో ఎవరూ ధ్రువీకరణ చేయలేరు. అవసరమైనప్పుడు కాసేపు తెరిచి మళ్లీ మూసుకోవచ్చు. చెప్పినంత సులువేమీ కాదని కూడా ఒప్పుకోవాలి. బాపుకు లాక్ వేసి వచ్చాక ఆయన రేషన్ దుకాణంలో వేలు పెడితే యంత్రం ఒప్పుకోలేదు, అక్కడి నుంచే నాకు ఫోను. అప్పుడు నాకు అర్ధరాత్రి. నవంబరులో జీవన్ ప్రమాణ్ కోసం, అంటే పెన్షనుదారు బతికే ఉన్నాడని వేలిముద్రతో చూపడానికి, మళ్లీ తెరవాలి. అయినా వేయించమనే అంటాను. ఇంటికి తాళం వేసినా ఇదే ఇబ్బంది కదా, తాళంచెవి వెతుక్కోవడం.

ఆ లాక్ తెరవాలంటే ఓటీపీ రావాలి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు మన చేతిలో ఉండాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాజీపేటలో తీసుకున్న నంబరు అమెరికా వచ్చాక కొన్నాళ్లు రీఛార్జి చేశాను, తర్వాత మరిచిపోయాను. మన దేశంలో రద్దయిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెడతారు. ఆ తర్వాత దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఒక పండగ రోజు మా అక్క అలవాటు కొద్దీ ఆ నంబరుకే ఫోను చేసింది. జగిత్యాల నుంచి ఎవరో ఎత్తారు. "అక్కా, మీ తమ్ముడికి చెప్పండి, ఆయన బ్యాంకు మెసేజీలు ఎనిమిది నెలల నుంచి నాకే వస్తున్నాయి" అన్నాడట. అతను మంచివాడు కాబట్టి ఈ ముక్క ఇంత తీరిగ్గా రాస్తున్నాను. నా ఖాతాకు కాపలా కాసింది బ్యాంకూ కాదు, నేనూ కాదు, ముఖం తెలియని ఒక జగిత్యాల మనిషి మంచితనం.

ఇక ప్లాట్లు. హసన్‌పర్తి, మడికొండ, ధర్మసాగర్ వైపు మనవాళ్లు కొని వదిలేసిన స్థలాలు ఎన్నో. యజమాని అక్కడ ఉండడు, పదేళ్లకోసారి వెళ్లి రాళ్లు చూసుకుంటాడు. దొంగ ఆధార్‌తో వేరే మనిషిని యజమానిగా నిలబెట్టి రిజిస్ట్రేషన్ చేయించడానికి ఇంతకంటే అనువైన సరుకు ఏముంటుంది? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే ఇలా మారువేషం కట్టినవాడికి ఏడేళ్ల వరకు జైలు అంటుంది. అంటే నూరేళ్ల కిందటే ఈ విద్య ఉందన్నమాట. ఏడాదికోసారైనా ఈసీ (ఆ స్థలం మీద నమోదైన లావాదేవీల పత్రం) తీసి చూసుకోవడం సంక్రాంతికి ఇంటికి సున్నం వేసినంత మామూలు పని కావాలి. దస్తావేజు ఫొటోను మాత్రం బంధువుల వాట్సాప్ గ్రూపులో "ఈ ప్లాటు ధర ఇప్పుడు ఎంత ఉంటుంది?" అని పెట్టకండి. పెట్టినవాళ్లు నాకు తెలుసు. వాళ్లు ఈ పత్రిక చదువుతారు కూడా.

అమెరికాలో ఉన్నాం, ఇక్కడ అన్నీ పద్ధతిగా ఉంటాయి అనుకుంటే అదీ పొరపాటే. మన ఆధార్‌లా ఇక్కడ అన్నిచోట్లా అడిగే తొమ్మిదంకెల సోషల్ సెక్యూరిటీ నంబర్లు 1936లో మొదలయ్యాయి. రెండేళ్లకే న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో ఒక పర్సుల తయారీ సంస్థ, కార్డు పర్సులో ఎలా ఇముడుతుందో చూపించడానికి ఒక నమూనా కార్డు పెట్టి అమ్మింది. దాని మీద వేసిన నంబరు ఆ సంస్థలో పనిచేసే ఒకావిడ అసలు నంబరు! కార్డు అసలు దానిలో సగమే ఉంది, ఎర్ర సిరాతో ఉంది, నమూనా అని అడ్డంగా అచ్చువేసి ఉంది. అయినా ఏళ్ల తరబడి 40 వేల మందికి పైగా ఆ నంబరు తమదేనని చెప్పుకున్నారు. 2017లో జనం అప్పుల చరిత్ర దాచే బ్యూరో ఈక్విఫాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. కాబట్టి మన తొమ్మిది అంకెలు ఇంకా రహస్యంగానే ఉన్నాయని నమ్మడం కంటే, బయటికి పోయాయనే అనుకుని నడుచుకోవడం మేలు. మన పేరుతో కొత్త అప్పు పుట్టకుండా ఆ చరిత్రకు తాళం వేసే క్రెడిట్ ఫ్రీజ్ 2018 సెప్టెంబరు నుంచి ఉచితం. ఈక్విఫాక్స్‌తో కలిపి మూడు బ్యూరోల్లోనూ విడివిడిగా చేసుకోవాలి, కలిపి గంట పని. పదహారేళ్ల లోపు పిల్లల పేరు మీద కూడా చేయవచ్చు. పిల్లవాడి నంబరు దొంగకు బంగారం, ఎందుకంటే వాడు కాలేజీకి వెళ్లి అప్పు అడిగేదాకా ఎవరూ చూడరు. పన్నుల శాఖ ఇచ్చే ఆరంకెల గుర్తింపు పిన్ తీసుకుంటే మన పేరుతో ఇంకొకరు రిటర్ను వేసి రీఫండు కొట్టేసే బాధ కూడా తప్పుతుంది.

ఇక్కడి బ్యాంకుల అమాయకత్వం చూస్తే నాకు నవ్వొస్తుంది. రహస్య ప్రశ్నగా తల్లి పుట్టింటి పేరు అడుగుతారు. మన దగ్గర అది రహస్యమా? మేనమామల ఇంటిపేరు పెళ్లి పత్రికలో అచ్చువేసి, పసుపు బొట్టు పెట్టి, ఊరంతా పంచుతాం. ఆ ప్రశ్నకు నేను ఊళ్లోని ఒక చెరువు పేరు రాసుకున్నాను. అమ్మ పుట్టింటివాళ్లకు తెలిస్తే నొచ్చుకుంటారు. పుట్టినతేదీ సంగతిలో మా ముందు తరం మాత్రం అదృష్టవంతులు. బడిలో పంతులుగారు తోచినట్టు వేసిన తేదీ ఒకటి, అమ్మ చెప్పే తిథి ఒకటి. ఏ తేదీన శుభాకాంక్షలు చెప్పినా దొంగకు సరైన తేదీ చిక్కదు.

చదువు కోసం కొత్తగా వస్తున్న మన పిల్లల గురించి ఒక మాట. విమానం దిగకముందే పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఫొటోలు గది వెతికే గ్రూపుల్లోకి వెళ్లిపోతాయి. ఉద్యోగం చూపిస్తామన్న కన్సల్టెన్సీకి, ఆఫర్ లెటర్ కూడా రాకముందే సోషల్ సెక్యూరిటీ నంబరు పంపిస్తారు. "మన ఊరి అన్నే కదా" అని బ్యాంకు ఖాతా కూడా వాడుకోనిస్తారు. ఆ ఖాతాలోంచి ఎవరి డబ్బు ఎటు పోయిందో పోలీసులు అడిగినప్పుడు అన్న ఫోను ఎత్తడు.

ఇప్పుడు సంపాదకులకు ఇబ్బంది కలిగించే మాట. అమెరికాలోని మన సంఘం సభ్యత్వ పత్రం తీసి చూడండి. భార్యాభర్తల పుట్టినతేదీలు, పిల్లల పేర్లు, వయసులు, స్వగ్రామం, ఇంటి చిరునామా. మహాసభల్లో పెళ్లి సంబంధాల బల్ల దగ్గర ఇంకా ఎక్కువ. ఇదంతా ఎవరి కంప్యూటర్‌లో ఉంటుంది? పదవీకాలం అయిపోయిన కార్యదర్శి ఆ జాబితాను తుడిచేస్తారా, లేక ఆయన ఇన్సూరెన్స్ వ్యాపారానికి పట్టుకెళ్తారా? భారతదేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. చెప్పిన పనికి అవసరమైనంత వరకే సేకరించాలన్నది అందులోని మూలసూత్రం. ఆ చట్టం మనకు వర్తిస్తుందా లేదా అని లాయర్‌ను అడగనక్కర్లేదు. వనభోజనాలకు వచ్చేవారి పుట్టినతేదీ దేనికి? పిల్లవాడికి భోజనం టిక్కెట్టు సగమా పూర్తా తెలుసుకోవడానికే అయితే, పన్నెండేళ్లు దాటాయా అని అడిగితే చాలు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ పత్రాన్ని సగానికి కోయమని నేను తీర్మానం పెడుతున్నాను. వ్యతిరేకించేవారు ఒక్కో గడి ఎందుకు కావాలో లేచి చెప్పాలి.

అప్పటికే నష్టం జరిగిపోయినవారికి తొందర ముఖ్యం. భారతదేశంలో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోను చేస్తే పోయిన డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మన పేరు మీద ఎన్ని సిమ్ములు నడుస్తున్నాయో టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూసుకుని, మనవి కానివాటిని అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఐటీ చట్టం 66సి కింద గుర్తింపు చోరీకి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. దొంగ దొరికితే కదా అంటారా, ఆ మాటా నిజమే.

బాపుకు ఇవన్నీ డిసెంబరులో కూర్చోబెట్టి చెప్పాను. ఎవరు కాగితం అడిగినా ఎందుకు అని అడగమన్నాను. గొంతులు కూడా అచ్చుగుద్దినట్టు తయారు చేస్తున్నారు కాబట్టి నా పేరు చెప్పినా నమ్మవద్దన్నాను. పోయిన నెల పన్నుల పని మీద ఆయన పాన్ కార్డు ఫొటో పంపమని మెసేజీ పెట్టాను. పంపలేదు. ఫోను చేశాను.

"ఎందుకు బిడ్డా?" అన్నారు.

చెప్పాను.

"సరే గానీ, మన పాత ఇంటి బావి పక్కన ఏ చెట్టు ఉండేది?"

"వేప చెట్టు, బాపూ."

కాసేపు మాట లేదు. "చింత చెట్టు" అని ఫోను పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు అక్కను వాళ్లింటికి పంపి, ఆమె ఎదుట వీడియోలో నా ముఖం చూపించాక గానీ కార్డు రాలేదు. అదీ చివరి నాలుగు అక్షరాలు తప్ప మిగతావి బొటనవేలితో మూసి తీసిన ఫొటో.