మహారాజశ్రీ ‘అంగీకరిస్తున్నాను’ బటన్ గారికి

విజయనగరం,
రెండో శనివారం, రాత్రి భోజనాలయ్యాక.

వెబ్‌సైట్ల గుమ్మంలో నిలబడే మహారాజశ్రీ ఆకుపచ్చ బటన్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీ క్షేమ సమాచారాలు నాకు తెలియవు. నావి మీకు పూటపూటకీ అందుతూనే ఉన్నాయి కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను. పేరు, వీధి, ఫోన్ నెంబరు, జీతం, మా అమ్మ మోకాళ్ల నొప్పి, అన్నీ మీ దగ్గర ఉన్నవే. ఉత్తరం కింద సంతకం కూడా పెట్టడం లేదు. ఎవరు రాశారో మీరే చూసుకోగలరు.

ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా మీ సేవలో తరించాను. చేపల పులుసుతో అన్నం తిని, ఫ్యాను కింద నడుం వాల్చవలసిన రెండో శనివారం అది. ఉద్యోగస్తుడికి రెండో శనివారం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. నేను ఏ రోజు ఎన్ని గంటలకి ఫోన్ చూస్తానో మీకు నాకన్నా బాగా తెలుసు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. మేడ మీద ఒక గది వేద్దామనుకున్నాం. మేస్త్రి అటూ ఇటూ చూసి, గెడ్డం గోక్కుని, పది లక్షలవుతుందన్నాడు. పది లక్షలు, 9 శాతం వడ్డీ, పదేళ్లు. నెలకి ఎంత కట్టాలో చూద్దామని తొమ్మిది రోజుల కిందట ఒక సైటు తెరిచాను. అసలు, వడ్డీ, నెలలు. ఈ మూడూ ఉంటే చాలు, నాలుగోది అక్కర్లేని లెక్క ఇది. కాగితం మీద వేసుకున్నా 12,668 రూపాయలు వస్తుంది. తర్వాత నేనే వేసి చూశాను, వచ్చింది. ఇందులో నా ఫోన్ నెంబరుని దేనితో హెచ్చించాలో, దేనితో భాగించాలో మా లెక్కల మాస్టారు చెప్పినట్టు గుర్తు లేదు.

గుమ్మంలోనే మీరు ఎదురయ్యారు. “మీ గోప్యత మాకు ఎంతో ముఖ్యం” అని పైన. కింద మీరు, లేత అరిటాకంత వెడల్పున, ఆకుపచ్చగా. మీ పక్కన బూడిదరంగులో చీమ తలకాయంత అక్షరాలతో “ఎంపికలు మార్చుకోండి” అని మీ పేద చుట్టం ఎవరో నిలబడి ఉన్నారు. పౌరుషానికి పోయి ఆయన్నే నొక్కాను. లోపల మీ భాగస్వాములు 143 మంది. ఒక్కొక్కరికీ ఒక్కో స్విచ్చి, అన్నీ వేసే ఉన్నాయి. దీపావళి మర్నాడు సీరియల్ సెట్లు విప్పినట్టు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వచ్చాను. పదకొండో స్విచ్చి దగ్గర బొటనవేలు మొరాయించింది. వెనక్కొచ్చి మిమ్మల్నే నొక్కాను. మీకు కావలసిందీ అదే కదా.

లెక్క అడిగినవన్నీ ఇచ్చాక జవాబు వచ్చింది, మసకగా. కిటికీకి మంచు పట్టినట్టు. అంకెలున్నాయని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. “మీ ఫలితం సిద్ధం! చూడటానికి మొబైల్ నెంబరు ఇవ్వండి.” ఇచ్చాను. ఓటీపీ. కొట్టాను. దాని కింద ఒక గడి, అందులో ముందే టిక్కు. పక్కన ఇలా ఉంది: ‘నేను డీఎన్‌డీలో ఉన్నప్పటికీ, ఈ సంస్థా దాని భాగస్వాములూ నన్ను ఫోన్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ ద్వారా సంప్రదించడానికి అంగీకరిస్తున్నాను.’

1909కి మెసేజ్ పెట్టి, నా నెంబరుని డీఎన్‌డీలో, అంటే ప్రచార ఫోన్లు వద్దనేవాళ్ల జాబితాలో, ఎక్కించుకుని, హమ్మయ్య అనుకున్నది నేను. ఆ వాక్యంలో ఉన్న ‘నేను’ కూడా నేనేనట. రాసింది మాత్రం మీరు, టిక్కు పెట్టింది మీరు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ప్రకారం ముందే పెట్టి ఉంచిన టిక్కు సమ్మతి కిందకి రాదట. ఇక్కడ మాత్రం పెళ్లికొడుకు రాకముందే తాళి కట్టేసి, అక్షింతలు వేసెయ్యమంటున్నారు.

మా ఊరి పైడితల్లి అమ్మవారు, జాతరలో పూజారి కూర్చుని ఊరేగే సిరిమానుకి తగిన చింతచెట్టు ఎక్కడుందో పూజారిగారికి కలలో చెబుతుంది. సాక్షాత్తూ అమ్మవారు చూపించిన చెట్టే అయినా, పసుపూ కుంకుమా పెట్టి పూజ చేశాకే గొడ్డలి వేస్తారు. చెట్టుకి చేసిన ఆ మర్యాద పది అంకెల నా నెంబరుకి దక్కలేదు.

సైట్లు మన ఫోన్లో పెట్టే గుర్తు చీటీ, మీ ఇంకో చుట్టం కుకీ మీద నాకు అంత కోపం లేదు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటుల్లీ అనే కుర్రాడు దాన్ని తయారుచేశాడు. వచ్చినవాణ్ణి సైటు గుర్తుపట్టాలనీ, బుట్టలో వేసుకున్న సామాను మర్చిపోకూడదనీ ఆయన ఉద్దేశం. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. దర్శనం చేసుకుని వచ్చి టోకెన్ ఇస్తే మన చెప్పులు మనకి. బాగానే ఉంది. కానీ స్టాండువాడు పక్క దుకాణాల వాళ్లందర్నీ లోపలికి పిలిచి, చెప్పు సైజు చూపించి, మడమ ఎటు అరిగిందో చెప్పి, మనం ఇంటికెళ్లే దాకా వెనకాలే నడిపిస్తాడని ఎవరనుకుంటారు? అమ్మకి మోకాళ్ల నూనె కోసం ఒక్కసారి వెతికాను. అప్పటినుంచి నేను క్రికెట్ స్కోరు చూసినా పక్కన మోకాలు కనిపిస్తోంది.

పోనీ, ప్రకటనలు మూగవి. కళ్లు మూసుకోవచ్చు. ఫోన్లు అలా కాదు.

మొదటి ఫోన్ నేను జవాబు చదివి పూర్తిచేసే లోపే వచ్చింది. తర్వాత పర్సనల్ లోన్, గోల్డ్ లోన్, క్రెడిట్ కార్డు, ఆరోగ్య బీమా. భోగాపురం ఎయిర్‌పోర్టుకి పది నిమిషాల దూరంలో ప్లాటు ఒకటి. ఎక్కడయ్యా అంటే గజపతినగరం అవతల. విమానంలో వెళితే పది నిమిషాలు కాబోలు. ఆఫీసులో, స్నానాల గదిలో, ఒకాయన్ని పరామర్శించడానికి వెళ్లినప్పుడు ఆయన మంచం పక్కన, ఎక్కడ ఉంటే అక్కడ ఫోనే. తొమ్మిది రోజుల్లో నేను బ్లాక్ చేసిన నెంబర్లు అరవై దాటాయి. ఒకటి బ్లాక్ చేస్తే దాని తమ్ముడు చేస్తాడు.

మంగళవారం నేను చేతులు కడుక్కుంటుంటే మా అమ్మ ఫోన్ ఎత్తింది. “లోనా? మాకేటీ అక్కర్లేదమ్మా. నువ్వు అన్నం తిన్నావేటి?” అంది. అవతలి పిల్ల కాసేపు మాట్లాడలేదు. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. తర్వాత పావుగంట మాట్లాడుకున్నారు. ఆ పిల్లది పలాస దగ్గర పల్లెటూరట. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ ఈ ఉద్యోగం చేస్తోందట. రోజుకిన్ని ఫోన్లని టార్గెట్ ఉందట. హాస్టల్లో సాంబారు నీళ్లలా ఉంటుందట. ఫోన్ నా చేతికి వచ్చాక, నా నెంబరు మీకెవరిచ్చారమ్మా అని అడిగాను. “మీ లీడ్ మాకు నిన్నే వచ్చింది సార్. అంతకుముందు వేరేవాళ్ల దగ్గర ఉండేది” అంది, నెమ్మదిగా, దోషం తనదైనట్టు.

లీడ్, అంటే కొనేలా ఉన్నవాడి వివరాలు. అదీ ఇప్పుడు నా పేరు. వాళ్ల ఊరి జీడిపిక్కల బస్తాలా చేతులు మారుతున్నానన్న మాట. జీతం ఉంది, సొంతిల్లు ఉంది, మేడ మీద గది వేయాలన్న ఆశ ఉంది అని గ్రేడు కట్టి మరీ.

ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది. “ఆ పిల్లకి నీ పేరెలాగ తెలిసిందిరా?”

“నేనే చెప్పానమ్మా.”

“నువ్వే? ఏటవసరమొచ్చింది?”

బటన్ గారూ, ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గరుంటే పంపండి. నెంబరు మీకు తెలుసు.

అందుకే ఇవాళ కూర్చున్నాను. ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకుందామని. ఇచ్చింది ఒక్క వేలితో, ఒక్క క్షణంలో. తీసుకోవడానికి మహా అయితే రెండు వేళ్లు, పది నిమిషాలు అనుకున్నాను.

సైటు తెరిస్తే మళ్లీ మీరే అడ్డం. మిమ్మల్ని వదిలించుకోవడానికి కూడా మిమ్మల్నే నొక్కి లోపలికి వెళ్లాలి. అడుక్కి వెళితే గోప్యతా విధానం దొరికింది, ఇంగ్లీషులో. ముందర గుమ్మం తెలుగు, మీరు తెలుగు, ఫోన్ చేసే పిల్లలు తెలుగు. ఇవ్వడానికి తెలుగు, వెనక్కి అడగడానికి ఇంగ్లీషు. ఫోన్లో చదవలేక గంటస్తంభం దగ్గర జిరాక్స్ షాపుకి పోయి ప్రింటు తీయించాను. 17 పేజీలు, 85 రూపాయలు. షాపాయన కట్టకి పిన్ను కొడుతూ “ఏటండీ, కోర్టు కేసా?” అని జాలిగా చూశాడు.

‘మీ హక్కులు’ 14వ పేజీలో ఉన్నాయి. సమ్మతి ఉపసంహరించుకోదలిస్తే ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయాలట. రాశాను. నాలుగు సెకన్లలో మెయిల్ తిరిగొచ్చింది, ఆ చిరునామా లేదని. కస్టమర్ కేర్‌కి చేశాను. లోన్ కోసం 1, కార్డు కోసం 2, బీమా కోసం 3, మళ్లీ వినడానికి 9. నన్ను వదిలెయ్యండి అనడానికి ఏ అంకె నొక్కాలో చెప్పలేదు. 9 నొక్కి మూడుసార్లు విన్నాను, మధ్యలో ఎక్కడైనా జారవిడిచానేమోనని. చివరికి సైటు మూలన నవ్వుతూ కూర్చున్న చాట్ బొమ్మ దగ్గరికి వెళ్లాను. గంటసేపు “మీకు సహాయపడటం నా సంతోషం” అన్నాక, ఆ బొమ్మ అసలు మాట బయటపెట్టింది. నా వివరాలు తొలగించాలంటే ముందు నేను నేనేనని నిర్ధారించాలట. అందుకు ఆధార్ కార్డు ముందువైపు ఫోటో ఒకటి, వెనకవైపు ఒకటి, ఆ కార్డు చేత్తో పట్టుకుని సెల్ఫీ ఒకటి.

ఇక మీరు, గారు అనడం నా వల్ల కాదు.

ఒరే బటన్! ఇచ్చేటప్పుడు నాలుగంకెల ఓటీపీ సరిపోయిందే, వెనక్కి అడిగితే పన్నెండంకెల ఆధార్ కావాలా? పుచ్చుకున్న రోజున నువ్వెవరు, నీ ఊరేది అని అడిగావా? ఇప్పుడు వద్దు బాబూ అంటే నేను దొంగనా? నీ దగ్గర ఉన్నవి చెరపడానికి లేనివి కూడా తెచ్చివ్వాలా? ఇంట్లో పడ్డ దొంగని పొమ్మంటే, పోతాను గానీ ముందు బీరువా తాళం చూపించు, ఈ ఇల్లు నీదేనని నాకు నమ్మకం కలగాలి అన్నాడట. నువ్వు వాడి తాతవి. వాడు కనీసం చీకట్లో వస్తాడు. నువ్వు “మీ గోప్యత మాకు ముఖ్యం” అని గుమ్మానికి తోరణం కట్టి మరీ వస్తావు.

చట్టం లేదా అంటే ఉంది. ఇవాళే చదివాను, ఎలాగూ నిద్ర పోయింది కదా అని. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద చెప్పారు. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలని అందులో రాసి ఉంది. ఆ పనికి ఎంత డేటా అవసరమో అంతకే సమ్మతి వర్తిస్తుందనీ ఉంది. నోటీసుని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో కోరుకున్న దాంట్లో చదువుకునే వీలు ఉండాలట. అందులో తెలుగు ఉంది, నీ 17 పేజీలకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. డేటాని జాగ్రత్తగా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా. అబద్ధపు ఫిర్యాదు పెడితే నాకూ 10,000 దాకా ఉంది లే. అంతా బాగుంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన వాటి అమలుకి 18 నెలలు గడువిచ్చారు. మా ఇంట్లో గది శంకుస్థాపనకి కూడా పంతులుగారు ఇంత దూరం ముహూర్తం పెట్టలేదు.

మూడు లాంతర్ల దగ్గర మా కిరాణా కొట్టాయన ఉన్నాడు. నీకు తెలిసినవన్నీ ఆయనకీ తెలుసు. మా ఇంట్లో పంచదార రెండు కిలోల నుంచి అర కిలోకి ఎప్పుడు దిగిందో తెలుసు, అంటే నాకు షుగర్ వచ్చిన నెల తెలుసు. జీతం ఆలస్యమైన నెలలు తెలుసు. పండక్కి ఏ చుట్టాలొచ్చారో నూనె ప్యాకెట్లు లెక్కేసి చెబుతాడు. కానీ ఇన్నేళ్లలో మా పద్దు చూసి ఒక్క మందుల షాపువాడు మా ఇంటి తలుపు తట్టలేదు. ఒకసారి ఏదో మాటామాటా వచ్చి, మీ దగ్గర ఇక ఖాతా వద్దు, కొట్టేయండి అన్నాను. ఆయన పుస్తకం తీశాడు, బాకీ చెప్పాడు, ఇచ్చాను. పేజీకి అడ్డంగా పెన్నుతో ఒక్క గీత గీశాడు. ఆధార్ అడగలేదు. నెల తిరిగేసరికి నేనే మళ్లీ వెళ్లాను, కొత్త పేజీ తీశాడు. అది వేరే సంగతి.

నాకు కావలసింది ఆ గీత. అంతే. నీ 143 మంది భాగస్వాముల పుస్తకాల్లో నా పేరు మీద అడ్డంగా ఒక్కొక్క గీత. ఆధార్ పంపను. సెల్ఫీ పంపను. గది సంగతంటావా, ఇప్పుడు కట్టడం లేదు. పది లక్షల అప్పు తీసుకుంటే ఇంకెన్ని ఫోన్లు వస్తాయోనని మా ఆవిడ భయపడుతోంది.

ఫోన్ మోగుతోంది. రాత్రి ఎనిమిదిన్నరకి. నెంబరు చూస్తే ఆ పలాస పిల్ల. డ్యూటీ దిగిందట, లోన్ గురించి కాదట. “అమ్మగారు పడుకున్నారా సార్?” అంటోంది. చింతకాయ పచ్చడి పంపుతానని అమ్మ మాటిచ్చిందట, హాస్టల్ అడ్రస్ చెప్పడానికి చేసిందట.

అమ్మ పెన్ను అడుగుతోంది. ఇక్కడితో ఆపుతున్నాను.