కెమెరా నీళ్ల వెంట నడవాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జర్నలిజం, సోషల్ వర్క్ చదివే విద్యార్థులు డాక్యుమెంటరీ తీయాలనగానే ముందుగా గుర్తొచ్చేవి ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు), వలస. ఈ నేల బాధలు అవే కాబట్టి ఎంపికలో తప్పు లేదు. తీసే తీరుతోనే నాకు పేచీ.

ఫ్లోరోసిస్ చిత్రం ఎలా సాగుతుందో చూడకముందే చెప్పవచ్చు. వంకర తిరిగిన కాళ్లు, వెనక విషాద సంగీతం, డ్రోన్‌తో తీసిన ఎండిన చెరువు. బాధితుడు కష్టం చెప్పుకొంటాడు, వైద్యుడు వ్యాధి గురించి వివరిస్తాడు, ప్రభుత్వం ఆదుకోవాలన్న విజ్ఞప్తితో చిత్రం ముగుస్తుంది. చూసినవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఆ నీళ్లు తరాల తరబడి ఎందుకు తాగాల్సి వచ్చిందన్న ప్రశ్న మాత్రం తెర మీదికి రాదు.

ఆ ప్రశ్న వేసిన చరిత్ర నల్లగొండ జిల్లాకే ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో నిలిచారు. నీళ్ల గోడు దేశానికి వినిపించాలని జలసాధన సమితి ఇచ్చిన పిలుపుతో నామినేషన్లు వేసినవారే అందులో ఎక్కువ. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ తర్వాత లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. గొంతు తడపమని అడిగితే అడిగే ఖర్చును పెంచిన సందర్భం ఇది. ఆనాడు ముప్పై ఏళ్లున్న అభ్యర్థికి ఇప్పుడు అరవై ఏళ్లు. ఆ జ్ఞాపకాలను రికార్డు చేయడానికి ఎక్కువ వ్యవధి లేదు.

శరీరాన్ని చూపించవద్దని నేననడం లేదు. దాన్ని సాక్ష్యంగా చూపాలి. పళ్ల సంగతే తీసుకుందాం. శాశ్వత దంతాల ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే దాదాపు 8 ఏళ్లలోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితేనే వాటి మీద గోధుమరంగు చారలు పడతాయి. తర్వాత తాగితే ఎముకలు దెబ్బతినవచ్చు గానీ పళ్లపై కొత్త చారలు రావు. కాబట్టి ఒక మనిషి పళ్లు చూస్తే చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడో తెలుస్తుంది. మర్రిగూడలోనో మునుగోడులోనో ఒకే ఇంట్లోని నాయనమ్మను, కొడుకును, మనవరాలిని పక్కపక్కన కూర్చోబెట్టి, వాళ్లు ఒప్పుకుంటే, పళ్లు చూపండి. ఒక్కొక్కరు పుట్టిన ఏడాది, ఊళ్లో బోరు పడిన ఏడాది, ఇంటి నల్లాకు కృష్ణా నీళ్లు వచ్చిన ఏడాది కింద వేయండి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ముందరి శాశ్వత దంతాలు వచ్చేసి ఉంటాయి. పథకం ఎంతవరకు పనిచేసిందో ఏ నాయకుడి ప్రసంగం కన్నా ఆ పళ్లే సూటిగా చెబుతాయి. మెచ్చుకోవాల్సి వస్తే మెచ్చుకోవాలి, నిలదీయాల్సి వస్తే నిలదీయాలి.

వలస చిత్రాలదీ ఇదే లోపం. ముంబయి బస్సెక్కే కుటుంబం, తాళం వేసిన ఇల్లు, అవ్వ దగ్గర మిగిలిన పిల్లలు కనిపిస్తారు. అడ్వాన్సు ఇచ్చి పాలమూరు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ, అతని వెనకున్న కాంట్రాక్టరు కనిపించరు. 1979లో వచ్చి, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ప్రతి కార్మికుడికీ ఫొటోతో కూడిన పాస్‌బుక్ ఇవ్వాలని చెప్పింది. నారాయణపేట, కోస్గి ప్రాంతాల్లో ఏళ్లుగా వలస వెళ్లివస్తున్నవారిని ఆ పుస్తకం ఎప్పుడైనా చూశారా అని అడిగితే చాలు, చిత్రం జాలి దాటి ముందుకు కదులుతుంది. కార్మిక శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, సెమిస్టరులో సరిపోయే సమయమే.

విద్యార్థులను మాత్రమే అనడం న్యాయం కాదు. అవగాహన చిత్రం తీయండి, రాజకీయాల జోలికి వెళ్లకండి అని చెప్పే అధ్యాపకులు చాలామంది. తాగునీటి పైపు ఏ ఊరికి ముందు వెళ్లాలో నిర్ణయించేది రాజకీయమే అయినప్పుడు దాన్ని తీసేస్తే మిగిలేది వైద్య పాఠం. ఏ పార్టీకీ కొమ్ము కాయకుండా అన్ని ప్రభుత్వాలనూ ఒకే ప్రశ్న అడగడం నేర్పవచ్చు, అది అధ్యాపకుల పని.

మార్కులు వేసే పద్ధతీ మారాలి. చిత్రాన్ని కళాశాల సెమినార్ హాలు కన్నా ముందు, తీసిన ఊళ్లో ప్రదర్శించాలి. తన ముఖం వద్దన్నవారి దృశ్యం తొలగించాలి. తాము చెప్పింది తప్పుగా కత్తిరించారని ఎవరైనా అంటే మళ్లీ ఎడిట్ చేయాలి. ఆ ప్రదర్శనలో ఊరివాళ్లు లేవనెత్తిన అభ్యంతరాలనూ, వాటికి విద్యార్థులు చేసిన మార్పులనూ ప్రాజెక్టు నివేదికలో చేర్చి, వాటికి విడిగా మార్కులు కేటాయించాలి.